ఒంటిచేతి తుపాకి

ఎల్డన్ టాలెఫ్సన్ తన తుపాకిని తనే ట్రక్కు కింద తొక్కించుకున్నాడు.

మోంటానా పశువుల రైతుల్లో అదేం వింత కాదు. కంచె గేటు తీయడానికి దిగినవాడు చేతిలోని రైఫిల్‌ని ముందు చక్రానికి ఆనించి నిలబెడతాడు. గేటు తీస్తాడు. ఈనబోయే ఆవు గురించో, రాబోయే మంచుగాలి గురించో ఆలోచిస్తూ తిరిగొచ్చి బండెక్కుతాడు. ఆ తరవాత వచ్చే చప్పుడు విన్నవాడు జన్మలో మరచిపోడు. ప్రతి లోయలోనూ అలాంటివాడు ఒకడుంటాడు. దాణా కొట్లో కాఫీ గిన్నె చుట్టూ చేరినప్పుడల్లా మిగతావాళ్ళు వాణ్ణి ఏళ్ళ తరబడి ఉతికి ఆరేస్తూనే ఉంటారు.

ఎల్డన్‌ని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. అతన్ని ఎక్కువ బాధపెట్టింది అదే. మంచు పడే రోజులకి కాస్త ముందు పక్షవాతం వచ్చి అతని కుడిచెయ్యి కొయ్యబారింది. కుడికాలు ఈడుస్తున్నాడు. నాలుక మందమై మాట ముద్దగా వస్తోంది. బండి తోలొద్దని డాక్టరు చెప్పినా భార్య గార్నెట్ కళ్ళుగప్పి తోలాడు. తోలి, వాళ్ళ నాన్న కాలం నాటి రైఫిల్‌ని నాశనం చేసుకొచ్చాడు. పగలబడి నవ్వాల్సిన సంగతికి నలుగురూ గొంతు తగ్గించి మాట్లాడారంటే ఇక తను వాళ్ళలో ఒకడు కానట్టే అనిపించింది అతనికి.

"ఇప్పుడు తుపాకి ఏం తొందర? గడ్డి మొలిచాక చూద్దాంలే," అంది గార్నెట్.

"గడ్డి మొలిచేదాకా బిస్కట్ ఆగదు," అన్నాడు ఎల్డన్.

గార్నెట్ గిన్నెలు తోముతున్నదల్లా ఆగిపోయింది. అతను అన్న మాటలో తప్పు లేదని ఇద్దరికీ తెలుసు.

బిస్కట్ ఒక ముసలి ఆవు. అది పుట్టినప్పుడు మూడు రోజులు ఏకధాటిగా మంచు కొట్టింది. తల్లి చచ్చిపోతే గార్నెట్ దాన్ని కోటులో చుట్టి ఇంట్లోకి తెచ్చింది. వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి, సీసాతో పాలుపట్టి బతికించింది. పిల్లలు లేని ఇంట్లో అది కుర్చీల కాళ్ళ మధ్య తిరుగుతూ పెరిగింది. తరవాత మందలో కలిసి ఎన్నో దూడల్ని కన్నా, గార్నెట్ గొంతు వినబడితే చాలు, మేత వదిలేసి వచ్చేది. పోయిన చలికాలం మంచుగడ్డ మీద జారి తుంటి చెడగొట్టుకుంది. ఈ చలికాలం నీళ్ళ తొట్టి దాకా నడవడానికి దానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పడుతోంది. తక్కిన ఆవులు దాన్ని పక్కకి తోసేస్తున్నాయి. కుంటి పశువుని సంతవాళ్ళు తీసుకోరు. పశువుల డాక్టరు సూదిమందు వేసి పడుకోబెడతాడు కానీ ఆ మందు ఎక్కిన కళేబరాన్ని ముట్టిన గద్దలూ నక్కలూ కూడా చస్తాయి. గడ్డకట్టిన నేలలో గొయ్యి తవ్వేదెవరు? అందుకని ఆ లోయలో ఎవరి పశువుని వాళ్ళే పంపించుకుంటారు. ఒక్క తూటా, దగ్గరనుంచి. బాధ తెలిసేలోపల అయిపోవాలి. దానికి పరాయివాణ్ణి పిలవడం ఉండదు.

"ఎప్పుడైనా నిన్ను ఆ పని చెయ్యమని చెప్పానా?" అన్నాడు ఎల్డన్.

"చెప్పలేదు."

"ఇదీ చెప్పను. ఇది నా పని. నువ్వు ఇంట్లో కూచుని రేడియో పెట్టుకో."

గార్నెట్ అతని కుడిచేతి వైపు చూడకుండా ఉండటానికి కిటికీలోంచి బయటికి చూసింది. "ఎల్డన్, దాన్ని నేను చెయ్యలేను. మిగతావన్నీ చేస్తాను. ట్రక్కు తోల్తాను, దూడల్ని లాగుతాను, నీ బూట్లు నేనే తొడుగుతున్నాను. అది మాత్రం నావల్ల కాదు."

"నీకెందుకు? నేను మాటిచ్చాను కదా."

అలా ఆ మాట ఇచ్చేశాక, ఆ మాట నిలబెట్టే తుపాకి కోసం ఊళ్ళోకి బయల్దేరారు.

మెర్ల్ కొట్లో ఒక పక్క దాణా, ఉప్పుగడ్డలు, ముళ్ళతీగ చుట్టలు. ఇంకో పక్క గోడ పొడవునా తుపాకులు. పొయ్యి పక్కన ఎప్పటిలాగే నలుగురైదుగురు. వాళ్ళలో ఎల్డన్ పక్క పొలం రడ్ స్కార్ కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకే బడి బల్ల మీద కూచున్నవాళ్ళు.

"ఏ పనికి కావాలి?" అన్నాడు మెర్ల్.

"ట్రక్కు సీటు వెనక పడి ఉండాలి. లీవర్‌ది. అన్నిటికీ పనికి రావాలి."

"అన్నిటికీ అంటే?"

"డబ్బాలు కొట్టుకోడానికి. దూడల వెంటపడే కొయొటీ నక్కలకి. గిలక్కాయ పాములకి." ఎల్డన్ గొంతు సవరించుకున్నాడు. "కాలో నడుమో పోయిన పశువుకి."

చివరి మాటకి పొయ్యి పక్కనున్నవాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. బిస్కట్ సంగతి లోయ అంతటికీ తెలుసు.

రడ్ లేచి వచ్చాడు. "ఒరేయ్, ఆ పైన ఉన్న లావుపాటిది తీసుకో. ఎలుగుబంటి ఎదురొచ్చినా కూలబడాల్సిందే."

"నువ్వు పోయినేడు ఎలుగుబంటి అని గురిపెట్టింది మీ నల్లకుక్కకే కదూ?" అంది గార్నెట్, దాణా బస్తాల దగ్గర్నుంచి.

అందరూ గొల్లుమన్నారు. రడ్ టోపీ వెనక్కి తోసుకున్నాడు. "చీకట్లో దాని సైజు నువ్వు చూళ్ళేదు గార్నెట్. ఇంకా నాతో మాట్లాడ్డం లేదు ఆ కుక్క."

ఎల్డన్ కూడా నవ్వాడు. చాలా రోజులకి తను కూడా వాళ్ళలో ఉన్నట్టనిపించింది.

మెర్ల్ ముందుగా థర్టీ-థర్టీ రైఫిల్ తీశాడు. ఆ లోయలో ప్రతి ట్రక్కులోనూ ఉండేది అదే. ఎల్డన్ విరగ్గొట్టుకున్నదీ అదే. ఎల్డన్ బల్ల మీద దాణా సంచి మడతపెట్టి, దానిమీద గొట్టం ఆనించి, వెనక కర్రని ఎడమ భుజానికి పెట్టుకున్నాడు. జీవితమంతా కుడి భుజం మీద కాల్చినవాడు. ఎడమ కన్ను అద్దెకి తెచ్చుకున్నట్టుంది. ట్రిగ్గర్ కిందుండే లీవర్‌లో వేళ్ళు దూర్చి, కొత్త తూటా ఎక్కించేటప్పటిలా కిందికి తోశాడు. అది సగం దాకా వచ్చి బిగిసింది. తుపాకి మొత్తం సంచి మీద పక్కకి ఒరిగింది. నిలబెట్టడానికి రెండో చెయ్యి రావాలి. రాలేదు.

మెర్ల్ చెయ్యి చాపలేదు. రడ్ కదల్లేదు. ఒకడు కొత్తగా వచ్చిన చేతితొడుగుల్ని తిరగేసి చూస్తున్నాడు. మనిషి తంటాలు పడుతుంటే అడగకుండా సాయం చెయ్యడం అక్కడ మర్యాద కాదు. చూడకపోవడమే మర్యాద. ఎల్డన్ కూడా ఏళ్ళ తరబడి ఇతరుల్ని అలాగే చూడకుండా గౌరవించాడు. అది అవతలివాడికి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

"కొత్తది కదా, బిగుతుగా ఉంటుంది," అన్నాడు మెర్ల్ చివరికి. "ఇదిగో, ఇది చూడు. త్రీ ఫిఫ్టీ సెవెన్. పిస్తోలు తూటాలే దీనికీ. పొట్టిది, తేలిక, తన్నదు. లీవర్ కన్నం పెద్దది, ఉన్ని తొడుగుతో కూడా చెయ్యి పడుతుంది."

"ఆడవాళ్ళ తుపాకిలా ఉందే," అన్నాడు పొయ్యి దగ్గరున్నవాడు ఒకడు, అని నాలుక కరుచుకున్నాడు.

ఎల్డన్ దాన్ని సంచి మీద పెట్టాడు. లీవర్ తోశాడు. నూనెలో తిరిగినట్టు తెరుచుకుని, చప్పున మూసుకుంది. మళ్ళీ తోశాడు. ఒంటిచేత్తో. మూడోసారి అవసరం లేకపోయినా తోశాడు.

"పెద్ద పశువుకి సరిపోతుందా?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"దగ్గర్నుంచైతే, పెట్టాల్సిన చోట పెడితే సరిపోతుంది. దూరంనుంచి పనికిరాదు." మెర్ల్ తూటాల పెట్టె తీశాడు. "మొన సూదిగా ఉన్నవి వెయ్యకు. తూటాల గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కదా, మొన పోయి ముందుదాని పిర్రకి గుచ్చుకుంటే లోపలే పేలి..."

"నాకు చెప్తున్నావుట్రా? మీ నాన్నకి నేర్పినవాణ్ణి."

"చెప్పకపోతే రేపు నా కొట్టు తగలబెడతావని."

గార్నెట్ వచ్చి తుపాకిని ఒకసారి ఎత్తి చూసింది. అలవాటు లేని చెయ్యి అయినా ఆమె భుజానికి అది అతికినట్టు కూచుంది. వెంటనే కిందపెట్టేసింది, వేడి మూకుడు పట్టుకున్నట్టు.

ట్రక్కులో బస్తాలు వేస్తుండగా రడ్ వచ్చి ఎల్డన్ పక్కన నిలబడ్డాడు. కాసేపు ఇద్దరూ కొండల మీది మబ్బు చూశారు.

"ఒరేయ్," అన్నాడు రడ్, "మీ బిస్కట్... కావాలంటే నేనొచ్చి చూస్తా. గార్నెట్‌ని ఊళ్ళోకి పంపించెయ్ ఆ పూట."

"అక్కర్లేదు. నా ఆవు."

"సరే."

అంతే. అక్కడ సాయం ఒక్కసారే అడుగుతారు. వద్దన్నవాణ్ణి మళ్ళీ అడిగితే నువ్వు చేతకానివాడివని మొహం మీద అన్నట్టు. ఆ సంగతి రడ్‌కి తెలుసు, ఎల్డన్‌కీ తెలుసు. తెలిసే, కొట్లో జరిగిన అవమానం ఇంకా చెంపల మీద మండుతుండగా, ఆ ఒక్కసారినీ కొట్టిపారేశాడు.

దారిలో చాలా సేపటికి గార్నెట్ అంది: "రడ్ మంచివాడు."

"నేను కాదన్నానా?"

"వద్దన్నావుగా."

"వద్దన్నాను."

మరుసటి రోజునుంచి ఎల్డన్ సాధన మొదలుపెట్టాడు. ట్రక్కు ముందుభాగం మీద సంచి మడతపెట్టి, కంచె గుంజల మీద కాఫీ డబ్బాలు నిలబెట్టించి, ఎడమ భుజంతో కాల్చడం నేర్చుకున్నాడు. ఎడమ చెయ్యి బుద్ధిగానే ఉంది. కానీ కుడి భుజం మాటిమాటికీ తన ప్రమేయం లేకుండా చిన్నగా అదిరేది. అది అదిరితే ఒళ్ళంతా అదిరేది. కొన్ని డబ్బాలు పడ్డాయి. కొన్నిసార్లు వెనకాల మట్టిగట్టు మీద దుమ్ము లేచింది.

"నువ్వూ నేర్చుకో. కొయొటీలకి పనికొస్తుంది," అని గార్నెట్‌నీ నిలబెట్టాడు. "కాల్చగానే లీవర్ తోసెయ్. తగిలిందా లేదా అని చూస్తూ నిలబడకు. ముందు తోసెయ్, తరవాత చూడు."

గార్నెట్ కాల్చింది. డబ్బా ఎగిరిపోయింది. లీవర్ తోసి మళ్ళీ కాల్చింది. ఇంకోటి ఎగిరింది.

"గాలి తగ్గింది," అన్నాడు ఎల్డన్.

"అవును, తగ్గింది," అంది గార్నెట్, ఆమె కండువా గాలికి మొహాన కొట్టుకుంటుండగా.

ఎల్డన్ ఇంకా కొన్ని రోజులు కాల్చాడు. పశువు డబ్బా కాదు, అంతకంటే పెద్దది. అంత దగ్గర్నుంచి ఎవడికైనా తగుల్తుంది అని తనకి తనే చెప్పుకున్నాడు. కానీ తగలడం వేరు, తగలాల్సిన చోట తగలడం వేరు. రెంటి మధ్యా దూరం రెండు వేళ్ళు. ఆ రెండు వేళ్ళు తప్పితే పశువు పడే యాతన అతను చిన్నప్పుడు ఒకసారి కళ్ళారా చూశాడు.

ఒక పొద్దున బిస్కట్ లేవలేకపోయింది. గార్నెట్ గొంతు విని, రెండుసార్లు మోకాళ్ళ మీద పడి, చివరికి లేచింది. లేచి నిలబడి వణుకుతోంది.

"ఇవాళే," అన్నాడు ఎల్డన్.

గార్నెట్ తలూపి పసుపు కోటు వేసుకుంది.

అనుకున్నది సులువైన పనే. గార్నెట్ దాణా బకెట్ తీసుకెళ్ళి గడ్డివాము పక్కన చదునుగా ఉన్న చోట పెడుతుంది. బిస్కట్ తల వంచి తింటుంది. గార్నెట్ ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. ఎల్డన్ ట్రక్కుకి ఆనుకుని, సంచి మీద గొట్టం పెట్టుకుని, ఆవు తల ఎత్తగానే పని ముగిస్తాడు.

గార్నెట్ బకెట్ పెట్టింది. బిస్కట్ మూతి పెట్టింది. గార్నెట్ దాని మెడ నిమిరి వెనక్కి తిరిగి నడిచింది. ఎల్డన్ బొటనవేలితో, తూటాని కొట్టే తుపాకి సుత్తిని వెనక్కి లాగి గురిలోకి వంగాడు.

బిస్కట్ తల ఎత్తింది. బకెట్ వదిలేసింది. కుంటుకుంటూ గార్నెట్ వెంట బయల్దేరింది.

"గార్నెట్! ఆగు!"

ఆమె ఆగింది. ఆవూ ఆగింది. గార్నెట్ దాన్ని మళ్ళీ బకెట్ దగ్గరికి నడిపించింది. తను కదిలితే అదీ కదిలింది. దాణా నోట్లో ఉండగానే, నములుతూనే, తుంటి ఎగరేసుకుంటూ వెంటపడింది. కట్టేద్దామంటే తాడు ఎరగని ఆవు. మెడకి తాడు పడితే పెనుగులాడి మంచుగడ్డ మీద కూలబడుతుంది. తరవాత దాన్ని లేపేవాళ్ళెవరు?

మూడోసారి గార్నెట్ ఇక కదల్లేదు. బకెట్ పక్కనే నిలబడిపోయింది. బిస్కట్ ఆమె పసుపు కోటుకి నుదురు ఆనించి, దాణా నములుతూ, చెవులు వాల్చి ప్రశాంతంగా ఉంది.

"కాల్చు, ఎల్డన్," అంది గార్నెట్, కళ్ళు మూసుకుని.

"పక్కకి జరుగు."

"జరిగితే ఇదీ జరుగుతుంది."

ఎల్డన్ గురి చూశాడు. గొట్టం చివర ఆవు నుదుటి మీద ఉంది. కుడి భుజం అదిరింది. గొట్టం చివర పసుపు రంగు మీదికి వెళ్ళింది. మళ్ళీ నుదుటి మీదికి వచ్చింది. ఊపిరి బిగబట్టాడు. మళ్ళీ పసుపు. పూర్వం అయితే ఇంతకంటే దూరం నుంచి, ఇంతకంటే చిన్న ఎడంలో, రెండో ఆలోచన లేకుండా కాల్చేవాడు. గార్నెట్ కూడా కదలకుండా నిలబడేది. ఇప్పుడూ కదలకుండానే నిలబడింది. ఆ నమ్మకమే అతన్ని భయపెట్టింది.

ట్రిగ్గర్ మీదనుంచి వేలు తీసేశాడు.

అప్పుడు వినిపించింది ట్రాక్టర్ చప్పుడు. కంచె అవతల గట్టు మీద రడ్, తన ఆవులకి గడ్డి వేసుకుంటూ వస్తున్నాడు. ఇటు చూశాడు. ట్రక్కు, తుపాకి, ఆవు, గార్నెట్. చూస్తే చాలు, అర్థమయ్యే సంగతి.

ఎల్డన్ పిలిచాడు. మందమైన నాలుక మీద రడ్ పేరు ముద్దయి, పది గజాలు కూడా వెళ్ళకుండా గాలిలో పడిపోయింది. తుపాకిని సంచి మీద వదిలి, ఉన్న ఒక్క చేతినీ తలపైకి ఎత్తాడు. రా. ఒక్కసారి రా. వద్దన్న నోటితోనే పిలుస్తున్నాను, రా.

గట్టు మీద రడ్ కూడా చెయ్యెత్తాడు. ఆ లోయలో మనిషి మనిషికి పొద్దున్నే పలకరింపుగా ఎత్తినట్టే ఎత్తాడు. తరవాత, స్నేహితుడి పని స్నేహితుణ్ణి ఒంటరిగా చేసుకోనివ్వడానికి, ఇటు చూడకుండా ట్రాక్టర్‌ని తిప్పుకుని గట్టు అవతలికి దిగిపోయాడు.

గార్నెట్ కళ్ళు తెరిచింది. ఎల్డన్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆమె ఆ చేతినీ, ఖాళీ గట్టునీ చూసింది. నడుచుకుంటూ ట్రక్కు దగ్గరికి వచ్చింది. ఆమె వెనకాలే బిస్కట్.

"సుత్తి లాగి ఉంది," అన్నాడు ఎల్డన్. "జాగ్రత్త. దాన్ని దించడం... ఒంటిచేత్తో భయం."

గార్నెట్ తుపాకి తీసుకుంది. "నువ్వు మాటిచ్చావు," అంది. కోపంగా అనలేదు. పొద్దున కాఫీలో పంచదార వెయ్యడం మరచిపోయావు అన్నట్టు అంది.

"గార్నెట్..."

"ఎక్కడ?"

"నీకు తెలుసు."

"తెలుసు. అయినా చెప్పు. నువ్వు చెప్పు."

చెప్పాడు. ఈ కంటి నుంచి ఆ పక్క కొమ్ము మొదటికి ఒక గీత, ఆ కంటి నుంచి ఈ పక్కకి ఇంకో గీత. రెండూ కలిసే చోట. మాటలు ముద్దగా వచ్చాయి. ఆమె ప్రతి మాటకీ తలూపింది. ఆవుని మళ్ళీ చదును దాకా నడిపించుకెళ్ళింది. ఎడమచేత్తో బకెట్ దాని ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. బిస్కట్ ఆమెని చూడటానికి తల ఎత్తింది.

తుపాకి పేలింది.

ఆవు ఉన్నచోటే కూలిపోయింది. కాలు కూడా ఆడించలేదు. గార్నెట్ వెంటనే లీవర్ తోసింది. నేర్పినట్టే. ఖాళీ తూటా మంచులో పడి చిన్న కన్నం చేసుకుని మునిగింది. ఆమె అలాగే, తుపాకి భుజానికే పెట్టుకుని, అవసరం లేని రెండో గురి చూస్తూ నిలబడింది.

"అయిపోయింది," అన్నాడు ఎల్డన్. "దించెయ్. బాగా చేశావు. దించెయ్ గార్నెట్."

ఆమె దించింది. తూటాలన్నీ ఒక్కొక్కటే తోసి బయటికి తీసి జేబులో వేసుకుంది. తుపాకిని మంచు మీద పడుకోబెట్టింది. తరవాత బిస్కట్ మెడ పక్కన మోకాళ్ళ మీద కూచుని, కోటు చేతిని దాని కళ్ళమీద కప్పింది. ఆమె వీపు ఇటువైపు ఉంది. భుజాలు కదులుతున్నాయి.

ఎల్డన్ అడుగు తియ్యబోయాడు. ట్రక్కుకీ ఆమెకీ మధ్య అద్దంలాంటి మంచుగడ్డ. ఆ పొద్దున దాన్ని దాటించి ట్రక్కు దాకా తెచ్చింది ఆమె చెయ్యే. మళ్ళీ దాటాలన్నా ఆ చెయ్యే కావాలి. కుడికాలు ముందుకి ఈడ్చాడు. అది జారింది. ట్రక్కు ముందుభాగాన్ని పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"గార్నెట్," అని పిలిచాడు.

ఆమె తిరగలేదు. వినలేదో, విని ఊరుకుందో తెలియలేదు. పిలిస్తే వస్తుందని తెలుసు. లేచి, కళ్ళు తుడుచుకుని, మొహం సరిచేసుకుని, అతని చెయ్యి పట్టుకోవడానికి వస్తుంది. అందుకే రెండోసారి పిలవలేదు.

చేతికింద ఇంజను వేడి కొద్దికొద్దిగా తగ్గిపోతోంది. ఎల్డన్ ఇనుముని పట్టుకుని, ఆమె వీపు వైపు చూస్తూ నిలబడ్డాడు.